నైలా పన్ను, టాలివర్ టీచరు తప్పు

మా మిషిగన్ ఊళ్ళో కార్ల ఫ్యాక్టరీ మూసినవాళ్ళను ఎవరూ నిలదీయలేదు. పిల్లల మార్కులు తగ్గేసరికి మాత్రం టీచర్లను బోనెక్కించారు. 'పనికిరాని టీచర్లు' అని పేపర్లో జాబితా కూడా వేశారు. అందులో మూడో పేరు ఎర్నెస్టీన్ టాలివర్. ఇరవై ఆరేళ్ళుగా మూడో తరగతికి చెబుతోంది. నాకూ ఆవిడే చెప్పింది. మంచులో తడిసొచ్చే పిల్లల కోసం బల్ల సొరుగు నిండా పొడి మేజోళ్ళు పెట్టుకుంటుంది. నేను ఆ బడి వంటగదిలోనే పనిచేస్తాను, ఆవిడ సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు.

ఆవిడ చేసిన నేరం ఏమిటంటే, రాష్ట్ర పరీక్ష జరుగుతుండగా ఒక పిల్ల దగ్గరకు వెళ్ళి మాట్లాడింది. మాట్లాడకూడదని నిబంధన. అందుకు క్లాసు మొత్తానికి సున్నా వేశారు.

ఆ పిల్ల నా కూతురు నైలా. పన్ను చీముపట్టి చెంప బూరెలా వాచింది. ఉచిత క్లినిక్కువాళ్ళు ఆరు వారాలు ఆగమన్నారు. నేనే మాత్ర మింగించి బడికి పంపాను. పిల్ల బల్లమీద తల వాల్చి ఏడుస్తుంటే టాలివర్ నా వంటగది నుంచి ఐసు తెప్పించి చెంపకు అద్దింది.

టీచర్లను ఉంచాలో తీసేయాలో తేల్చే బడి బోర్డుకు ఈ మాట చెప్పమని ఆవిణ్ణి బతిమాలాను.

"నోరు మూసుకో లవెట్," అంది. "పిల్లకి వైద్యం చేయించలేదని ముందు నీ మీద పడతారు. పిల్లల సంక్షేమశాఖవాళ్ళు నైలాని తీసుకుపోతే మళ్ళీ తెచ్చిస్తారా?"

"మీ ఉద్యోగం పోతుంది కదండీ!"

"పోయేది నాది. నీకెందుకు?"

బోర్డు సభలో మాట్లాడటానికి మనిషికి రెండే నిమిషాలు. ముందుగా అధ్యక్షుడు అందుకున్నాడు. "సాకులు విని విని విసిగిపోయాం. టీచరు మంచిదైతే ఏ పిల్లయినా నేర్చుకుంటుంది," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళలో సగం మందికి ఎక్కాలు నేర్పింది ఆవిడే. నాకు ఒళ్ళు మండిపోయింది.

టాలివర్ వద్దని తల ఊపుతూనే ఉంది. నేను మైకు దగ్గరకు వెళ్ళాను.

"సాకు కావాలా? ఇదిగో, నేను. ఆ పిల్ల తల్లిని. వాచిన చెంపతో పరీక్షకి పంపింది నేను. డాక్టరుకి చూపించలేకపోయింది నేను. ఐసు పెట్టినందుకు ఈవిణ్ణి తీసేస్తారా? మీలో ఒక్కరైనా ఆ చెంప చూశారా?"

చప్పట్లు కొట్టినవాళ్ళు తలలు దించుకున్నారు. సిగ్గుపడ్డారనుకున్నాను, నా పిచ్చిగాని. అధ్యక్షుడు కలం తీశాడు.

"అయితే తప్పు తల్లిదన్నమాట. మీ పేరు మళ్ళీ చెప్పండమ్మా, నెమ్మదిగా."

చెప్పాను, ఇంటి అడ్రసుతో సహా. రాసుకున్నాడు. తీసేసేవాళ్ళ జాబితాలోంచి టాలివర్ పేరు మాత్రం కొట్టెయ్యలేదు.