బ్రేకుల ఆదివారం

మా అక్క మొగుడి చంకలో ఇప్పటికీ ఆ నోటుబుక్కు కనిపిస్తుంది. చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది.

రెండు లక్షల కిలోమీటర్లు దాటిన పాత కారు ఆయనది. మెకానిక్కులంటే పడదు. "నా బండి నేనే చేసుకుంటాప్పా" అంటాడు. నంద్యాలలో ఇంటి ముందు కుర్చీ వేసుకుని, ఏ పని ఎప్పుడు చేయాలో అందులో స్కేలుతో గీతలు గీసి మరీ రాస్తాడు. బానెట్ మాత్రం ఎత్తడు. బ్రేకుల పని ఆర్నెల్లుగా వచ్చే ఆదివారానికే ఉంది.

ఒకరోజు అక్కను, నన్ను ఎక్కించుకుని ఆళ్లగడ్డకు బయల్దేరాడు. ఊరు దగ్గర పడుతుండగా బ్రేకు పడలేదు. రోడ్డు పక్కన కుప్పపోసిన మొక్కజొన్నల్లోకి దూసుకుపోయి కారు ఆగింది. గింజలు ఎత్తుతున్న ముసలాయన పక్కకు దూకి బతికాడు. "కండ్లు యాడ పెట్టుకోని తోల్తాండావ్?" అని అరిచాడు.

బావ ఆయన వైపు చూడనైనా లేదు. నొక్కుకుపోయిన బంపర్‌ను తడిమి, నోటుబుక్కు తెరిచి, మొదటి వరుసలో "బంపర్" అని రాశాడు. బ్రేకులను దాని కిందికి దించాడు.

అక్క కారు దిగింది. "నువ్వు రాసుకుంటా ఉండప్పా. నేను బస్సుకు పోతాండా."

"ఆదివారం చేస్తాలే, కూచోమ్మే" అన్నాడు బావ.

ఆ రోజు ఆదివారమే.