పండగ మాత్రలు

భిలాయి క్యాంప్ 2లో మందుల షాపు కౌంటరు వెనక నేను నిలబడబట్టి పంతొమ్మిదేళ్లు. పేరు ఫ్లోరా. ఇంటర్ తప్పిన చదువు నాది. అయినా మా వీధి ఆడవాళ్లకి నేనే డాక్టరమ్మని. వాళ్లలా పిలుస్తుంటే వద్దనలేదు, లోలోపల మురిసిపోయాను కూడా. ఆ పొగరు నన్నేం చెయ్యలేదు. ముంచింది భాగ్యరేఖ కొంప.

విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి స్టీల్ ప్లాంటు పనికొచ్చిన కుటుంబాలు ఇక్కడ కూడా ఎండాకాలంలో అమ్మవారి పండగ చేస్తాయి. ఇంటి పెద్దకోడలు ఘటం ఎత్తాలి. ఆ రోజుకి నెలసరి వచ్చిందో, ఘటం తోటికోడలి నెత్తికెక్కుతుంది. అందుకే పండగ ముందు నా దగ్గరకొచ్చి నెలసరిని వాయిదా వేసే హార్మోను మాత్రలు కొనుక్కుంటారు. వాటినే పండగ మాత్రలంటారు. భాగ్యరేఖ పెళ్లయినప్పటి నుంచీ ఏటా మింగింది. ఘటం తన పెద్దకోడలి చెయ్యి దాటితే అత్త గున్నమ్మకి తల కొట్టేసినట్టుంటుంది. మొగుడు రాజేంద్ర ప్లాంటులో కాంట్రాక్టు మనిషి, ఆడవాళ్ల విషయాల్లో తల దూర్చడు.

భాగ్యరేఖకి పిల్లల్లేరు. రెండుసార్లు కడుపు నిలిచి, రెండుసార్లూ మూడో నెలలో పోయింది. అప్పటికి ముప్పై రెండేళ్లే కదా, ఇంకా వయసుందని ధైర్యంగా ఉండేది.

రెండేళ్ల కిందట పండగయ్యాక మాత్రలు ఆపినా ఆమెకి నెలసరి రాలేదు. నెలన్నర గడిచేసరికి గున్నమ్మ కోడలు నీళ్లోసుకుందని వీధంతా చెప్పేసింది. పరీక్ష కార్డు మీద ఒక్క గీతే పడింది, కడుపు కాదు. ముసలామె రెండ్రోజులు అన్నం ముట్టలేదు. మూడోనాడు భాగ్యరేఖ నా దగ్గరకొచ్చింది.

"దీదీ, డేటు రాట్లేదు. ఉన్నట్టుండి ఒళ్లంతా సెగలొస్తన్నాయి. పండగ మాత్రల వల్లేనేటి?"

"మరేటే? ఇన్నేళ్లు మింగావు, ఒళ్లు సర్దుకోవద్దా? కంగారు పడకు. అదే వస్తాది."

అంత తేలిగ్గా అనేశాను. ఇంకెవరికో దగ్గు మందు తీస్తూ, సరిగ్గా ఆమె ముఖం కూడా చూడకుండా.

ఆమె నా మాట నమ్మింది. కానీ ఇంట్లో మాత్రం క్యాలెండరు చూసుకుని, ఇరవై ఎనిమిది రోజులకోసారి నాలుగు రోజుల పాటు వరండాలో చాపేసుకుని బయట కూర్చోవడం మొదలెట్టింది. చుక్క రక్తం లేదు. అంతా నాటకం.

"ఎందుకే నీకీ ఖర్మ?" అన్నాను తెలిసినప్పుడు.

"లేకపోతే అత్తమ్మ మళ్లీ ఆశ పెట్టుకుంటాది దీదీ. ఆ ముఖం ఇంకోసారి చూడ్డం నా వల్ల కాదు. ముఝ్‌సే నహీ హోగా."

మరుసటి ఏడు పండగకి, ఎప్పుడొస్తుందో తెలియదు కదా అని మళ్లీ మాత్రలు మింగింది. ఆపాక మళ్లీ రాలేదు. నేను మళ్లీ అదే మాట చెప్పాను. సిగ్గులేని నోరు!

మొన్న జనవరి చలిలో ఆమె చెమటతో తడిసిన జాకెట్టుతో షాపుకొస్తే అప్పుడు భయమేసింది నాకు. వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను. రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు ఓపిగ్గానే చెప్పింది. నెలనెలా అండం తయారు చెయ్యమని మెదడు దగ్గరి గ్రంథి హార్మోనుతో కబురంపుతుందట. అండాశయం పలక్కపోతే ఇంకా గట్టిగా అరుస్తుందట. కాగితంలో ఆ అరుపు అంకె డెబ్బై ఎనిమిది ఉంది. యాభై ఏళ్లకి ఆగాల్సిన నెలసరి ముప్పై నాలుగు నిండకముందే ఆగిపోయింది.

"ఇది ఆ మాత్రల వల్ల రాలేదు," అంది డాక్టరు. "కానీ అవి ఆపిన వారం పది రోజుల్లో నెలసరి రావాలి. రాకపోతే చూపించుకోమని ఎవరూ చెప్పలేదా? మొదట్లోనే వస్తే కొన్ని అండాలైనా దొరికేవేమో. ఇప్పుడు నేను ఆశ పెట్టలేను."

భాగ్యరేఖ నా వైపు చూడలేదు. "ఎవరూ చెప్పలేదు మేడం," అంది.

బయటికొచ్చాక ఉండబట్టలేక, "నన్ను తిట్టవే, రెండు తగిలించవే," అని ఏడ్చాను.

"తిడితే వస్తాదా దీదీ?" అంది. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది.

ఈ ఏడు పండగ దగ్గర పడింది. నిన్న పొద్దున గున్నమ్మ కోడలి చెయ్యి పట్టుకుని షాపుకొచ్చింది. వెనక ఇంకో నలుగురు ఆడవాళ్లు అవే మాత్రల కోసం నిలబడ్డారు.

"ఈ ఏడు అమ్మోరిని గట్టిగా అడుగుతాను ఫ్లోరా. దీని కడుపు పండితీరాల," అంది గున్నమ్మ. కోడలి వైపు తిరిగి, "ఎప్పుడే నీ డేటు?" అనడిగింది.

"ఇరవై రెండు, అత్తమ్మా." భాగ్యరేఖ తడుముకోలేదు.

గున్నమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "ఓలమ్మో, పండగ ఇరవై నాలుగు! పంతొమ్మిది నుంచే మింగాల. ఇయ్యమ్మా."

నా చెయ్యి కదల్లేదు. భాగ్యరేఖ కౌంటరు మీదకి వంగి, "ఇచ్చెయ్ దీదీ, అందరూ చూస్తన్నారు," అంది మెల్లగా.

ఇచ్చాను. మాత్రలు కొంగున ముడేసుకుంటూ గున్నమ్మ నా వైపే చూసి అడిగింది.

"ఆపేస్తే మళ్లీ మామూలుగా వచ్చేస్తాది కదమ్మా?"

"వచ్చేస్తాది పిన్నీ," అన్నాను.