నవాగామ్‌లో పదకొండు స్లైడ్లు

శనివారం సాయంత్రం ఏడున్నరకు వరంగల్‌లో రైలెక్కాం, నేనూ, పది నెలల మా మిన్నూ. సూరత్‌కు దాదాపు పద్దెనిమిది గంటలు. స్లీపర్ టికెట్ ఆరువందల చిల్లర. చంటిపిల్లతో వెళ్లేవాళ్లు కింది బెర్తే అడిగి తీసుకోండి. నా సంచిలో వేడినీళ్ల ఫ్లాస్కు, జ్వరం మందు, ఆరు జతల బట్టలు, లాప్‌టాప్. అందులో ఇరవై ఎనిమిది స్లైడ్లు. దారిలో పాపకు జ్వరం వస్తుందేమోనన్న భయం ఒకటైతే, ఈ స్లైడ్ల దిగులు దానికి రెండింతలు.

మా వీధిలో పనికెళ్లే తల్లుల కోసం మేం నలుగురం ఒక పిల్లల గది నడుపుతున్నాం. సూరత్ నవాగామ్‌లో ఉండే మా పెదనాన్న కూతురు స్వప్నక్కకు అలాంటిది అక్కడా పెట్టాలని ఉంది. అక్కడి మన తెలుగువాళ్ల సంఘం హాలు పక్కన దారం చుట్టే పాత బాబిన్ల డబ్బాలతో నిండిన గది ఒకటుంది. ఆదివారం మీటింగ్‌లో పెద్దలు ఒప్పుకుంటే ఆ గది పిల్లలది. లేదంటే గోదాముగా అద్దెకు పోతుంది. ఒప్పించే పని అక్క నా మీద పెట్టింది. పాప పుట్టాక నలుగురి ముందు నిలబడి మాట్లాడటం ఇదే మొదలు.

కాజీపేట దాటాక లాప్‌టాప్ తెరిచాను. ఎదురుగా సైడ్ బెర్త్‌లో రాజన్న అనే ఆయన, జగిత్యాల వైపు మనిషి, ఇరవై ఏళ్లుగా సూరత్‌లో మరమగ్గాల మీద పని. స్లైడ్ అటు తిప్పి, అక్కడి నుంచి చదవగలరా అని అడిగాను. కళ్లు చిట్లించి చూశాడు.

"సినిమా అయిపోయినంక పేర్లు పడ్తయి జూడు, గట్లున్నదక్కా. జనం అప్పటికే లేచి పోతుంటరు."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మిన్ను నిద్రపోగానే కోత మొదలుపెట్టాను. ఒక స్లైడ్‌కు ఒకే సంగతి. పేరా ఉన్నచోట ఫొటో. రాజన్న కూర్చున్నచోటి నుంచి చదవగలిగిందే ఉంచాను. భుసావళ్‌లో టీ, అరటిపళ్లు కొనేసరికి పదకొండు మిగిలాయి. హాల్లో చివరి వరస కోసం స్లైడ్లు చేసేవాళ్లకు సైడ్ బెర్త్‌ను మించిన పరీక్ష లేదు.

ఒంటిగంట దాటాక సూరత్‌లో దిగాం. నవాగామ్‌కు ఆటో రెండువందలు. అక్క ఇంట్లో పప్పన్నం, టమాట తొక్కు. మీటింగ్ నాలుగింటికి, మేం మూడింటికే హాలుకు చేరాం. ఆ గంటే మమ్మల్ని కాపాడింది. నా లాప్‌టాప్ వైరు వాళ్ల ప్రొజెక్టర్‌కు పట్టలేదు. పెన్‌డ్రైవ్‌తో హాలు కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు అక్షరాలన్నీ ఖాళీ డబ్బాల్లా కనిపించాయి.

"గదిల డబ్బాలు సాలవని నువ్వు గిన్ని తెచ్చినవా?" అంది అక్క.

అదృష్టం, అదే పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ కాపీ కూడా పెట్టుకున్నాను. అందులో అక్షరాలు చెక్కుచెదరలేదు. తెలుగులో స్లైడ్లు చేసేవాళ్లు ఈ ఒక్కటి మాత్రం మరవొద్దు.

నాలుగింటికి హాలు నిండింది. మిన్ను అక్క ఒళ్లో. నేను భయంతో జనాన్ని చూడలేక తెరవైపు తిరిగి చదువుతూ పోయాను. మూడో స్లైడ్ దగ్గర, ముందు వరసలోని సంఘం పెద్ద నర్సయ్య మామ చెయ్యెత్తాడు.

"ఏంది బిడ్డా, గోడతోని మాట్లాడుతున్నవ్? మిషన్ల చప్పుడుకు మా చెవులు సగమే మిగిలినయి. మొఖం జూస్తెనే మాకు మాట తెలుస్తది. జర ఇటు తిరుగు."

ఎవరూ నవ్వలేదు. కార్ఖానాలో వాళ్లు రోజంతా పెదాలు చూసి, చేతి సైగలు చూసి మాట్లాడుకుంటారట. తిరిగాను. తెర వెలుగుతున్నంతసేపూ చూపులు అటే పోతుంటే, ప్రొజెక్టర్ ముందు అట్ట అడ్డం పెట్టమన్నాను. అన్ని కళ్లూ నా మీదికి వచ్చాయి. మాట నెమ్మదించింది, చేతులు వాటంతటవే కదిలాయి. ఫొటో చూపాలనుకున్నప్పుడే అట్ట తీయించాను.

వెనక నుంచి బాబిన్లు చుట్టే ఒకామె లేచింది. "పిల్ల ఏడిస్తె మాకెట్ల ఎరుకైతది? లోపల ఫోన్ ఇనబడది."

మీరైతే ఏం చేస్తారని వాళ్లనే అడిగాను. ఆడవాళ్లు వరసల మీదుగా సైగలు చేసుకున్నారు. కాసేపటికి ఆమే చెప్పింది, షిఫ్టు మారేటప్పుడు కార్ఖానాలో వెలిగే ఎర్ర బల్బు ఉందని, పిల్లల గది నుంచి వాచ్‌మన్‌కు ఫోన్ చేస్తే అది వెలిగిస్తాడని. దాంతో ఇది నేను చెప్పే సంగతి కాకుండా వాళ్లు నడిపే సంగతైంది.

నర్సయ్య మామ పెద్దలతో రెండు మాటలాడి, మొలతాడుకున్న ఆ గది తాళంచెవి విప్పి మిన్ను చేతిలో పెట్టాడు. అది నేరుగా నోట్లో పెట్టుకుంది. నేను లాక్కుని కడగడానికి పరుగెత్తుతుంటే హాలంతా నవ్వింది.

సోమవారం ఉదయం వీధి చివర బండి దగ్గర వేడివేడి లోచో తిన్నాం. ఉడికించిన శనగపిండి ముద్ద, పైన వెన్న, పచ్చి చట్నీ. మధ్యాహ్నం తిరుగు రైలు. సూరత్‌లో ఎవరికీ తీరిక ఉండదంటారు. ఎదురుగా నిలబడి మాట్లాడితే వినే ఓపిక మాత్రం అక్కడ చాలా ఉంది.

నందుర్‌బార్ దాటుతుండగా అక్క ఫొటో పంపింది. గది ఖాళీ అయింది, నేల ఇంకా తడిగానే ఉంది. మధ్యలో చాప మీద ఎవరిదో బాబు బోర్లా పడుకుని తల ఎత్తి చూస్తున్నాడు. వాళ్లమ్మ ఏదని అడిగాను. పనికి పోయిందని రాసింది అక్క.