మేడమ్ గారి చర్మకణాలు

గత మంగళవారం ఉదయం మా మేడమ్ పోయారు. ఫోను వచ్చేసరికి నేను ల్యాబ్‌లో ఆవిడ కణాలకే పోషకద్రవం మారుస్తున్నాను. అవునండీ, ఆవిడ చర్మం నుంచి తీసి పెంచినవే.

ఆవిడ ఈ ఉక్కు కార్ఖానా ఊళ్ళోనే, అగ్రికో పేటలో పెరిగిన శ్రీకాకుళం మనిషి. క్లాసులో పుస్తకాల తెలుగు, కోపమొస్తే ఇంటి తెలుగు. నాకు ఎక్కువగా రెండోదే దక్కింది. మెసెంజర్ ఆర్.ఎన్.ఏ. అంటే ఏమిటని మొదటిరోజు అడిగితే, "కార్ఖానాలో మీ నాన్నకి ఏటి సెయ్యాలో సీటీ రాసిత్తారు కదే? ఇదీ అంతే. సీటీ మనం రాసి కణంలోకి పంపుతాం. అది సదివి ప్రొటీన్ తయారు సేత్తాది" అన్నారు.

ఆవిడ ఒంట్లో ఒక ఎంజైమ్ తయారయ్యేది కాదు. అది లేక కండరాలు, ఊపిరి తీసేవి కూడా, ఏడాదికేడాది చచ్చుబడ్డాయి. దానికి చీటీ మేమే తయారుచేశాం. ఇది మందు కాదని, మందయ్యేనాటికి తను ఉండనని ఆవిడే చెప్పేవారు. తన కణాలు ఒక్కసారి ఆ ఎంజైమ్ చేస్తే కళ్ళారా చూడాలి, అంతే కోరిక.

ఆ కోరిక తీరకుండా ఆవిడ నోట మన్ను కొట్టింది నేనే. విశ్వకర్మ పూజ నాడు బిర్సానగర్‌లో మా ఇంట సైకిల్ నుంచి స్పానర్ దాకా అన్నిటికీ బొట్టు పెడతాం, అదీ ఉత్త చేత్తో. రబ్బరు తొడుగులతో పూజేమిటని ల్యాబ్‌లోనూ తీసేశాను. యంత్రాలకు పెట్టాక, ఐసు మీద తెరిచి ఉన్న ఆర్.ఎన్.ఏ. ట్యూబుల మూతలు వేలితో మూసి వాటికీ పెట్టాను. మనిషి వేలిచెమట తగిలితే ఆర్.ఎన్.ఏ. ముక్కలైపోతుంది. నాకు తెలియదా? మూడేళ్ళుగా తెలుసు! ఒక్క ట్యూబూ మిగల్లేదు.

"ఏటి సేసినావే! నానిక్కడ ఊపిరాడక సత్తంటే బొట్లెడతావా?" అని అరిచారు. నేను ఏడ్చాను. "ఏడుపెందుకే నాకు? నాకు సీటీ కావాల" అన్నారు.

సరుకు తెప్పించి మళ్ళీ తయారుచేయడానికి నెలలు పట్టింది. ఈలోగా ఆవిడ ఆసుపత్రి పాలయ్యారు. చూడ్డానికి వెళ్తే మాస్కు పక్కకు జరిపి, "నీ మొకం సూడ్డానికి కాదే నాను బతుకుతన్నది. పో, పని సూస్కో" అన్నారు. క్షమించానని చివరిదాకా అనలేదు. ఆవిడ మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆవిడ లేకపోతే ఈ పని నాకు వచ్చేదే కాదు, అదీ నిజమే.

మంగళవారం సాయంత్రమే దహనం అయిపోయింది. బుధవారం కొత్త ఆర్.ఎన్.ఏ.ను ఆవిడ కణాలకు ఇచ్చాను. గురువారం కొన్నిటిని చిదిపి పరీక్షించాను. ఎంజైమ్ ఉంటే, అందులో కలిపిన రసాయనం అతినీలలోహిత దీపం కింద నీలంగా వెలగాలి. చీటీ అందని వరుస చీకటిగా ఉంది. అందిన వరుస నీలంగా వెలిగింది.

"మేడమ్, వచ్చింది" అన్నాను పైకే. ఆ వేళకి ఆవిడ బూడిద సువర్ణరేఖ నదిలో కలిపేశారు. చిదపకుండా మిగిల్చిన కణాలు మాత్రం ఇంక్యుబేటర్‌లో, బతికున్న మనిషి ఒంటి వేడిలో, ఆ ఎంజైమ్ తయారుచేస్తూనే ఉన్నాయి.