ఉప్పు గదికి తాకట్టు

నా చిన్నప్పుడు న్యూజెర్సీ మొత్తానికి మొదటి ఉప్పు వైద్యశాల తెరిచింది నేనే. ఇప్పుడు గోడలకి గులాబీరంగు ఉప్పు ఇటుకలు పేర్చి, మెత్తటి కుర్చీల్లో పడుకోబెట్టి దండిగా డబ్బు గుంజుతున్నారు గానీ, వాళ్ళందరికంటే ముందు, పదేళ్ళైనా నిండని ఆడపిల్లగా, పెట్టుబడీ లైసెన్సూ లేకుండా ఆ వ్యాపారం మొదలుపెట్టిన ఘనత నాది. అదే మధ్యాహ్నం మూసేసిన ఘనత కూడా నాదే.

మాది తరతరాలుగా కొట్టు పెట్టుకు బతికే ఇల్లు. అమెరికా వచ్చినా ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది? నాన్న ఫ్యాక్టరీకి వెళ్ళేవాడు. పప్పులూ బియ్యమూ అమ్మే మా షాపు బాబాయి చూసుకునేవాడు. ఆదివారాలు దూరాన ఉన్న పార్సిప్పనీ ఊరి నుంచి కూడా కార్లేసుకుని వచ్చేవారు. షాపు కింద బేస్‌మెంట్‌లో, చలికాలం మెట్ల మీద మంచు కరగడానికి చల్లే రాతి ఉప్పు బస్తాలు పేర్చి ఉండేవి. పక్క షాపులో క్షవరం చేసే పోలండ్ తాత ఒకసారి, తమ దేశంలో ఆయాసం ఉన్నవాళ్ళు ఉప్పు గనుల్లోకి దిగి కూర్చుంటారని చెప్పాడు. మా నాయనమ్మ సరేసరి, ఎవరు దగ్గినా ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి రొమ్ముకి కాపడం పెట్టేది. నేను రెండు వైద్యాలూ కలిపాను. కింద గని ఉంది, ఇంట్లో నాయనమ్మ వైద్యం ఉంది. ఇక కావలసింది రోగి.

మా వీధి చివర ఒక తెల్ల కుర్రాడు ఉండేవాడు, నాకంటే చిన్నవాడు. ఊపిరి తీస్తే పిల్లికూతలు వినిపించేవి. మోచేతి మడతలు గోకి గోకి పుండ్లు పడి ఉండేవి. ఆయాసమూ పుండూ రెండూ ఒక్క డాలరుకే పోగొడతానన్నాను. డాలరు లేదు, రేపు ఇస్తానన్నాడు. ఊరికే అరువివ్వడం మా ఇంటావంటా లేదు. డబ్బు లేనివాడి దగ్గర ఏదో ఒక వస్తువు తాకట్టు పెట్టుకుని సరుకివ్వడం మా తాతయ్య నాటి నుంచీ ఉన్న పద్ధతి. వాడి జేబులో విలువైనది ఒక్కటే కనిపించింది, ఆయాసం వచ్చినప్పుడు పీల్చే ఇన్‌హేలర్. అది పుచ్చుకుని, బాబాయి ఏలకులు తూస్తూ తెరిచి ఉంచిన అద్దాల పెట్టెలో ఓ మూలకి తోసి, తలుపు నొక్కేశాను. నొక్కితే తాళం పడిపోతుంది. తెరవాలంటే బాబాయి మొలలో దోపుకునే తాళంచెవి కావాలి.

వాణ్ణి కిందకి తీసుకెళ్ళి బస్తాల మధ్య కూర్చోబెట్టాను. గని గాలి రావాలి కదా, ఒక బస్తా విప్పి చేటతో దుమ్ము లేపాను. మోచేతులకి ఉప్పు రుద్దితే వాడు కెవ్వుమన్నాడు. మంట పుడితే మందు పనిచేస్తున్నట్టే అని నాయనమ్మ అనేది, అదే వాడికి ఇంగ్లీషులో చెప్పి ఇంకాస్త రుద్దాను. దగ్గు మొదలైంది. తర్వాత దగ్గు కూడా రాలేదు, గొంతులోంచి సన్నటి ఈల ఒక్కటే వచ్చింది.

వాడి అన్న బేస్‌బాల్ ఆడుకుని బ్యాటుతో ఇంటికి పోతూ బేస్‌మెంట్ కిటికీలోంచి ఆ కేక విన్నాడు. పదహారు పదిహేడేళ్ళవాడు. దిగివచ్చి తమ్ముణ్ణి భుజాన వేసుకుని, పైకి తెచ్చి బియ్యం బస్తాల మీద పడుకోబెట్టాడు. వాడి జేబులు తడిమాడు. ఏమీ దొరకలేదు. పిల్లవాడి పెదాలు నీలంగా ఉన్నాయి, మోచేతుల నుంచి నెత్తురు కారుతోంది.

"మా తమ్ముణ్ణి ఏం చేశార్రా?" అంటూ బ్యాటు ఎత్తి బాబాయి భుజం మీద కొట్టాడు.

బాబాయి త్రాసు మీద పడ్డాడు. త్రాసుతో సహా నేల మీదకి జారాడు. చెబితే బాబాయి తంతాడు, చెప్పకపోతే వీడు చస్తాడు. ఈ బేరం తేల్చుకోవడానికి నాకు ఇంకో రెండు దెబ్బలు పడేంతసేపు పట్టింది. రెండోది మూతి మీద పడింది.

"బాబాయ్! వాడి ఇన్‌హేలర్ ఏలకుల పెట్టెలో ఉంది. తాకట్టు పెట్టుకున్నా."

బాబాయి నెత్తురు ఉమ్మి నావైపు చూశాడు. "ఎంతకే?"

"డాలర్‌కి."

"నీ వ్యాపారం తగలెయ్య!" అని తాళంచెవి కోసం మొలలో చెయ్యి పెట్టాడు. బాబాయి కత్తి తీస్తున్నాడని ఆ అన్న అనుకున్నాడు. బ్యాటు ఆ చేతి మీద పడింది. వేళ్ళు విరిగిన చప్పుడు, ఎండుకొమ్మ విరిచినట్టు, నాకు వినిపించింది. బాబాయి అరవలేదు, తిరిగి కొట్టలేదు. పాక్కుంటూ వెళ్ళి ఎడమ మోచేతితో అద్దం పగలగొట్టి, గాజుపెంకుల్లోంచి ఇన్‌హేలర్ తీసి, ఎత్తిన బ్యాటు కిందనుంచే పిల్లవాడి నోట్లో పెట్టి నొక్కాడు. ఆగి మళ్ళీ నొక్కాడు. కాసేపటికి వాడి రొమ్ము పైకి లేచింది. అన్న చేతిలో బ్యాటు జారి నేల మీద పడింది.

అంబులెన్సు వాళ్ళు పిల్లవాణ్ణి తీసుకెళ్ళారు. వాళ్ళతో వచ్చిన పోలీసు ఆఫీసరు, ఆ అన్న మీద కేసు పెడతావా అని బాబాయిని అడిగాడు. బాబాయి చితికిన మూతితోనే "నో కేస్ సార్. హిస్ బ్రదర్. ఐ ఆల్సో విల్ హిట్," అన్నాడు.

ఆ రాత్రి నన్ను ఒక్క దెబ్బా వెయ్యలేదు. కొట్టే చెయ్యి కట్టులో ఉంది కాబట్టేమో అనుకున్నాను. కట్టు విప్పాక కూడా కొట్టలేదు. ఒక్కసారి మాత్రం పప్పు తూస్తూ, "తాకట్టు తీసుకో, తప్పులేదు. అది లేకుండా ఎదుటివాడు ఇంటికి నడిచి వెళ్ళగలడా లేదా చూసుకో ముందు," అన్నాడు. నేను పెద్దయ్యాక సొంతంగా చాలా బేరాలు చేశాను, గట్టిగానే చేశాను. ఎవరి చేతిలోంచి ఏది తీసుకోబోయినా ఆ మాట అడ్డం పడుతుంది. దానివల్ల కొన్ని మంచి బేరాలు పోయాయి కూడా.

ఆనాటి లెక్క ఇది. ఉప్పు వల్ల ఎవరికీ ఏ జబ్బూ తగ్గలేదు. పిల్లవాడు బతికాడు. దాన్ని లాభంలో వెయ్యలేను, అసలు మాత్రమే చేతికి తిరిగొచ్చింది, అంతే. పోయినవి బాబాయి కుడిచేతి వేళ్ళు రెండు, మళ్ళీ వంగలేదు. ఆయన మిగిలిన జీవితమంతా ఎడమచేత్తోనే తూచాడు. ఖర్చు చేసింది నేను, కట్టింది ఆయన.