బాంకాక్ వెళ్ళిన కుంకుమ భరిణె

రెండు మంచాల గది అని రాసి ఉన్న కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది. గదిలో ఉన్నది ఒకటే మంచం. కింద హోటల్ కౌంటర్లో కూర్చున్న అమ్మాయికి ఆ కాగితం చూపించాను. రెండు వేళ్ళు చూపించాను. వెనకవైపు మంచం బొమ్మ గీసి మరీ చూపించాను. ఆమె చేతులు జోడించి, తల వంచి, కళ్ళతో నవ్వింది. మంచం మాత్రం రాలేదు. నా ఫిర్యాదుని అంత మర్యాదగా విని, అంత మర్యాదగా పక్కన పెట్టినవాళ్ళు నాకు మరెక్కడా తగల్లేదు.

ఆ మంచం మీద నా పక్కన పడుకోవలసిన మనిషి మా తోటికోడలు, మా బావగారి భార్య. ఏడేళ్ళుగా ఆవిడతో నేను అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

కారణం చెబుతాను. చిన్న విషయమని అనేవాళ్ళతో నాకు పని లేదు. వాళ్ళు విజయనగరంలో ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశానికి పిలవడానికి ఆవిడ గజపతినగరంలో మా వీధికి వచ్చింది. చేతిలో వెండి కుంకుమ భరిణె. ఎదురింటావిడకి బొట్టు పెట్టి పిలవడం కిటికీలోంచి చూశాను. చీర సర్దుకుని, కుర్చీ మీది బట్టలు తీసేసి, మంచినీళ్ళ చెంబుతో గుమ్మంలోకి వచ్చేసరికి వాళ్ళ ఆటో వీధి మలుపు తిరుగుతోంది. సాయంత్రం ఫోన్ చేసింది. మనోళ్ళమే కదా, వచ్చీయండి అంది. మా ఆయన వెళ్ళి సుష్టుగా భోంచేసి వచ్చారు. నేను ఇంట్లోనే ఉల్లిపాయ నంజుకుని చద్దన్నం తిన్నాను. ఆ ఉల్లిపాయ ఘాటు కూడా నాకు గుర్తే.

ఇప్పుడు ఆవిడ కూతురి పెళ్ళి కుదిరింది. ఆ పిల్ల పుట్టిన ఏడాది తల్లికి జబ్బు చేస్తే, పదకొండు నెలలు నా ఒళ్ళో పెరిగింది. గుమ్మంలోకొచ్చి బొట్టు పెట్టి పిలవకపోతే ఆ పెళ్ళికీ రానని అందరి ముందూ అనేశాను. అన్న దగ్గర్నుంచి నాకు నిద్ర సరిగా లేదు. అన్న మాట వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. ఆ పిల్ల మెడలో తాళి పడుతున్నప్పుడు గజపతినగరంలో కూర్చుని ఉండడమూ చేతకాదు.

పిల్లకి నా సంగతి తెలుసు. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తోంది. ఫోన్లో బాంకాక్‌కి చవక టిక్కెట్లు పట్టి, తల్లికొకటి, నాకొకటి కొనేసి, అవి వెనక్కి తీసుకోరు పిన్నీ అని చెప్పింది. చవక గది కూడా తనే చూసింది. ఆ ఒక్క మంచం నిజంగా హోటల్ వాళ్ళ పొరపాటేనా అని నాకిప్పటికీ అనుమానం.

మొదటి రోజే తువ్వాలు చుట్టి మంచం మధ్యన సరిహద్దు పెట్టాను. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ నాలుగు రోజులూ ఇప్పుడు తలుచుకుంటే వరసగా గుర్తు రావు. నీళ్ళలో తడిసిన బొమ్మల్లా ఒకదాని రంగు ఇంకొకదాంట్లోకి దిగిపోయి కనిపిస్తాయి. మా గది ఉన్న సందు చివర నది. పొద్దున్నే పొగమంచులోంచి పడవలు ఒక్కొక్కటీ పుట్టుకొచ్చినట్టు వచ్చేవి. కాషాయం కట్టుకున్న సన్యాసులు చెప్పుల్లేకుండా నడిచిపోతుంటే ఇళ్ళవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని వేడి అన్నం వాళ్ళ పాత్రల్లో పెట్టేవారు. ఆ ఆవిరి వాసన మా ఊళ్ళో అన్నం వార్చినప్పటి వాసనే. ఆ వాసనకి నేను ఎక్కడున్నానో ఒక్క క్షణం మరిచిపోయేదాన్ని. మాటలు అర్థం కాని ఊళ్ళో నడవడం నిద్రలో నడవడం లాంటిదే. ఎవరు ఏమన్నా అవమానంగా తోచదు. నాకది కొత్త.

టాక్సీలు ఎక్కే ఉద్దేశం మాకు లేదు. నడిచేవాళ్ళం, లేకపోతే జనం ఎక్కే పడవలే ఎక్కేవాళ్ళం. ఎండ ముదిరాక గదికొచ్చి, కెటిల్లో నీళ్ళు కాచి అటుకులు నానబెట్టుకుని, ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయతో తినేవాళ్ళం. ఆవకాయ ఆవిడది. ఉప్పు ఎక్కువైంది. చెప్పలేదు.

రెండో రోజు మధ్యాహ్నం నాకు మగత పట్టింది. పక్కన వెచ్చగా ఎవరో ఊపిరి తీస్తున్నారు. నా ఒళ్ళో పసిపిల్ల ఉందనుకున్నాను, పాలు తాగి నిద్రపోయిందనుకున్నాను, కదిలితే లేస్తుందని కదలకుండా పడుకున్నాను. కళ్ళు తెరిస్తే ఆవిడ చెయ్యి తువ్వాలు దాటి నా మోచేతి మీద ఉంది. తీసేద్దామనుకున్నాను. చాలాసేపటి వరకూ తియ్యలేదు.

మూడో రోజు నది అవతల ఉన్న గుడికి వెళ్ళాం. అరుణుడి పేరు మీద కట్టిన గుడి అది. అరసవల్లి దేవుడి రథం తోలేవాడికి ఇంత దూరంలో ఇంత పెద్ద గోపురమా అని ఆవిడ ఆశ్చర్యపోయింది. దూరం నుంచి తెల్లగా, మబ్బుతో చేసినట్టు ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే గోపురమంతా పింగాణీ ముక్కలు. పువ్వులున్న కప్పుల ముక్కలు, పళ్ళేల అంచులు, ఆకుపచ్చవి, గులాబీరంగువి, అన్నీ ఒకదాని పక్కన ఒకటి అతికించి ఉన్నాయి. ఎండ పడితే వేల కళ్ళు తెరిచినట్టు మెరుస్తున్నాయి.

ఆవిడ మెడ వెనక్కి వంచి చాలాసేపు చూసింది.

"ఇరిగిన ముక్క ఒక్కటీ పారెయ్యకండా దాసి కట్టేరే. నీలాంటోళ్ళ పనే ఇది."

ఏడేళ్ళలో ఆవిడ నన్ను వెక్కిరించడం అదే మొదలు. నాకు నవ్వొచ్చింది. కనిపించకుండా పక్కకి తిరిగాను.

తిరుగు పడవలో ఇద్దరికీ పక్కపక్కనే చోటు దొరికింది. సాయంత్రపు ఎండ నీళ్ళ మీద పసుపు కలిపినట్టు ఉంది. గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా తేలుతోంది. పొద్దున సముద్రం వైపు పోతున్న గుంపులు ఇప్పుడు వెనక్కి, ఎగువకి వస్తున్నాయి. కళింగపట్నం దగ్గర పోటు సమయానికి వంశధార ఇలాగే వెనక్కి నడవడం నేను చూశాను. అదే చూస్తూ కూర్చున్నాను. పోయిందనుకున్నది ఏదీ పోదు, వేళకి తిరిగొస్తుంది అనుకుంటున్నాను.

ఆవిడ సంచిలోంచి ఆ భరిణె తీసింది. అదే భరిణె. దాన్ని విమానంలో ఇంత దూరం తెచ్చిందంటే ఇంటి దగ్గరే అనుకుని బయలుదేరిందన్నమాట. మూత తీసి, వేలు అద్ది, నా నుదుటి వైపు చెయ్యి చాపింది. నేను మొహం వెనక్కి తీసుకున్నాను.

"ఇక్కడ కాదు."

"సముద్రం దాటొచ్చి పిలుస్తన్నాను. సాలదేటే?"

"సముద్రం దాటేరు. మా వీధిలో నాలుగడుగులు దాటలేకపోయేరు."

చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది. ముందు వరసలో ఒక ముసలావిడ మమ్మల్ని తిరిగి చూసి, మళ్ళీ నీళ్ళవైపు తిరిగింది.

"ఇంటి మనిషికి బొట్టేటే? ఈ భరిణె పట్టుకుని నా పక్కన తిరిగి అందర్నీ పిలవాల్సిన దానివి నువ్వు."

"తిరగమని పిలిచేరా మరి?"

ఒక రేవు వచ్చింది. జనం దిగారు, ఎక్కారు, పడవ మళ్ళీ కదిలింది.

"లేదు," అంది. "పిలవలేదు. అది నా తప్పే."

ఏడేళ్ళుగా ఆ మాట కోసమే కూర్చున్నాను. పడవ కుదుపుకి భరిణె ఒరిగి చిటికెడు కుంకుమ నా చేతి మీద పడింది. తుడుచుకోలేదు. అలాగని అది పిలుపు కింద లెక్క కాదు. ఆ సంగతి ఆవిడతో చెప్పాను కూడా.

"తెల్సులేవే," అని భరిణె మూత పెట్టింది.

ఆ రోజు పడుకునేటప్పుడు తువ్వాలు కనిపించలేదు. ఆవిడ దాన్ని ఉతికి కిటికీకి ఆరేసింది.

ఇంటికి తిరిగొచ్చిన పదో రోజున మా గుమ్మం ముందు ఆటో ఆగింది. ఈసారి మంచినీళ్ళ చెంబు ముందే సిద్ధంగా ఉంది. ఆవిడ గుమ్మం దాటి లోపలికొచ్చి, కూర్చోకుండానే నాకు బొట్టు పెట్టి, పిల్ల పెళ్ళికి రావాలి అంది. వస్తానన్నాను. తర్వాత ఆ భరిణె నా చేతిలో పెట్టింది.

"పద. ముందు మీ ఎదురిల్లు."

వీధి దాటడానికి నాలుగడుగులే. ఎండ కళ్ళకి కొట్టి, ఆ నాలుగడుగులూ నీళ్ళ మీద నడిచినట్టు నడిచాను. ఎదురింటావిడ మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆమెకి బొట్టు నేను పెట్టాను. మా పిల్ల పెళ్ళి, మీరు తప్పకుండా రావాలి అన్నాను.

ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే నా బొట్టు ఎడమ పక్కకి జరిగి ఉంది. అంత దగ్గర నిలబడి కూడా మధ్యలో పెట్టలేకపోయింది. నేను సరిచెయ్యలేదు, సాయంత్రం దాకా అలాగే ఉంచాను. పెళ్ళయ్యాక ఆ సంగతి అడుగుతాను.