ఒంటిపక్క పాలిష్

మా వరప్రసాదం బాబాయిగారు కారుకి ఒక పక్కే పాలిష్ పెడతారు. ఎడం పక్క. కుడి పక్క సంగతి భగవంతుడికీ, దాని మీద గోళ్ళు గీసుకునే పిల్లికీ వదిలేశారు.

కారు నల్లది. పొద్దున్నే కాఫీ అవగానే మైనం డబ్బా, పాత బనీను ముక్క పట్టుకుని సందులోకి వస్తారు. తడిగుడ్డతో దుమ్ము తీసి, వేలితో మైనం తీసుకుని, పసిపిల్లకి ఆముదం రాసినంత ముద్దుగా తలుపు మీద గుండ్రంగా రాస్తారు. అది ఆరి తెల్లగా పొర కట్టాక బనీను ముక్కతో తుడుస్తారు. వంగి చూసుకుని మళ్ళీ తుడుస్తారు. ఆ తలుపులో చూసుకుని తల దువ్వుకోవచ్చు. కుడి తలుపు మీదయితే వేలితో ముగ్గు పెట్టుకోవచ్చు. మా పిన్ని వెంకటదుర్గ కోపమొచ్చిన రోజున పెట్టింది కూడా.

ఓసారి ఆ కారులోనే అంబాజీపేట పెళ్ళికి వెళ్ళాం. ఎడం పక్కనించి చూసిన పెళ్ళివారు ఎవరో పెద్ద మనుషులనుకుని పన్నీరు బుడ్డితో పరిగెత్తుకొచ్చారు. కుడి పక్కనించి చూసినవాళ్ళు, "కొబ్బరికాయలు వెనక దొడ్లో దింపండి" అన్నారు. ఎటు వెళ్ళాలో తెలియక మేము మధ్యలో నిలబడిపోయాం.

"ఆ రెండో పక్క ఏం పాపం చేసిందండీ?" అని అడిగాను.

"దానికేం అబ్బాయ్, బానే ఉంది కదా."

"మట్టి కొట్టుకుపోయిందండి!"

"ఆయ్. మట్టి కింద బానే ఉంటది."

పాలిష్ ఒక్కటే అయితే సర్దుకుపోయేవాళ్ళం. కారు నిలిపే తీరు ఇంకా అయోమయం. తిన్నగా కాదు, ముక్కు కొంచెం వంకరగా. పైగా సందు మొదట్లో ఉన్న కొత్తపేట మెయిన్ రోడ్డు మీద సాయంత్రం సందడి మొదలయ్యే వేళకి అది సందులో ఉండాల్సిందే. ఇంట్లో కారు పెట్టుకుని ఇద్దరూ ఆటోలో సినిమాకి వెళ్ళేవారు. పిన్ని ఉండబట్టలేక సిద్ధాంతిగారిని అడిగింది. ఆయన చాలాసేపు వేళ్ళు లెక్కపెట్టి, "కారులో దోషం లేదమ్మా, డ్రైవరు జాతకం తీసుకురండి" అన్నారు.

సందులో ఎదురిల్లు రత్నం మామ్మగారిది. తుంటి ఎముక విరిగిన దగ్గర్నించి ఆవిడ కిటికీ పక్కన మంచం మీదే ఉంటున్నారు. ఆ కిటికీలోంచి కనపడేవి మా బాబాయిగారి గోడ, కారు. అంతే. అయినా ఊళ్ళో కబుర్లన్నీ ముందు ఆవిడకే తెలిసేవి. ఎలా తెలిసేవో ఎవరికీ తెలియదు. తెలిసినవి కూడా ఓ రకంగా ఉండేవి.

"ఏరా, నిన్న రావులపాలెం వెళ్ళేవేంటి?" అనేవారు నన్ను.

"లేదండి, అమలాపురం వెళ్ళేను."

"అదేలే, అటో ఇటో. ఎందుకలా లావైపోతున్నావు?"

నేను చీపురుపుల్లలా ఉంటాను.

అప్పుడప్పుడు, "కారు కాస్త ముందుకి జరపవయ్యా వరప్రసాదం, గాలాడ్డం లేదు!" అని కేకేసేవారు. బాబాయిగారు కిక్కురుమనకుండా జానెడు జరిపేవారు. జానెడుకి ఎంత గాలొస్తుందో నాకు అంతుపట్టేది కాదు.

బాబాయిగారు ధాన్యం పని మీద బస్సులో మండపేట వెళ్ళిన రోజున పిన్ని నా చేతిలో తాళాలు పెట్టింది.

"కారుని వెనక్కి తిప్పి పెట్టరా. కుడి పక్క సందులోకొస్తే చచ్చినట్టు దానికీ పాలిష్ పెడతారు."

తిప్పి పెట్టాను. ఇంజను ఆపానో లేదో, ఎదురు కిటికీలోంచి గావుకేక.

"ఓరి నాయనో! బజారు పోయింది!"

ఇద్దరం పరిగెత్తాం. మామ్మగారు కిటికీ ఊచలు పట్టుకుని సగం లేచి ఉన్నారు. మొహం చిన్నబోయింది.

"బజారు ఎక్కడికి పోతుందండీ?" అన్నాను.

"ముందా కారు తిప్పు, తర్వాత మాట్లాడు!"

మళ్ళీ యథాస్థానంలో పెట్టి వచ్చాను. ఆవిడ కుదుటపడి, "ఇలా నా తలగడ మీద తల ఆన్చి చూడవే" అన్నారు పిన్నితో. పిన్ని తర్వాత నేనూ చూశాను.

నల్ల తలుపులో మెయిన్ రోడ్డంతా ఉంది. మనుషులందరూ పొట్టిగా, లావుగా ఉన్నారు. కుడి ఎడమైపోయి అమలాపురం బస్సు రావులపాలెం వైపు పోతోంది. అరటిపళ్ళ నూకరాజు గుమ్మడికాయలా దొర్లుతూ మేకని తరుముతున్నాడు. పిన్ని ఫక్కున నవ్వింది.

"రోజూ ఇదే నా కాలక్షేపం," అన్నారు మామ్మగారు. గొంతు తగ్గించి, "ఆ వెర్రి మారాజుకి తెలీదు. చెప్పకండర్రా. నాకోసం చేస్తున్నాడంటే నాకు చిన్నతనంగా ఉంటుంది. అతని పిచ్చి అతనిది, నా చూపు నాది."

సాయంత్రం బాబాయిగారు వచ్చి సందు మొదట్లోనే ఆగిపోయారు.

"ఎవరు కదిపేరు?"

నా జవాబు కోసం ఆగకుండా కారెక్కి జానెడు వెనక్కి జరిపారు. దిగి ఎదురు కిటికీ వైపు ఓసారి చూసి, తృప్తిగా తలూపారు.

"అయితే మీకు తెలుసా అండీ!" అన్నాను.

"ష్!" నన్ను గోడ పక్కకి లాక్కుపోయారు. "ఆవిడ ఆసుపత్రినించి వచ్చేక చూడ్డానికెళ్ళేను. ఊరంతా తిరిగిన మనిషి, గోడకేసి చూస్తా పడుకున్నారు. మంచం చివర కూచుంటే కారు తలుపులో రోడ్డు మసగ్గా కనపడింది. అంతే. ఆవిడ చూస్తున్నారని నాకు తెలుసని ఆవిడకి తెలీకూడదు. తెలిసిందా?"

ఒకటికి రెండుసార్లు మనసులో అనుకుంటే గానీ తెలియలేదు.

"మరి ఆ కుడి పక్క కూడా తుడిస్తే ఏమండీ?"

"చేతులు పీకుతాయి బాబూ! అటెవరు చూస్తారు?"

మర్నాడు పొద్దున్న బాబాయిగారు ముందు తలుపు దగ్గర కూర్చోగానే, పిన్ని పాత చీర ముక్కతో వచ్చి వెనక తలుపు దగ్గర చతికిలపడింది. ఆయన తెల్లబోయారు.

"నీకేమైందే?"

"ఊరికేనండి."

ఎదురు కిటికీలోంచి మామ్మగారి గొంతు వినిపించింది. "ఏమే వెంకటదుర్గా, మీ ఆయన పిచ్చి నీకూ అంటుకుందా?"

పిన్ని వెనక్కి తిరగలేదు. తలుపులో కనపడుతున్న మామ్మగారి మొహాన్ని చీర ముక్కతో గుండ్రంగా తుడుస్తూ, "ఆయ్, అంటుకుందండి" అంది.